బేస్ గిటారు మెరుగుదల

బేస్ గిటారు మెరుగుదల అనగా తక్కువ ధరకు లభించు ఎలక్ట్రిక్ బేస్ గిటారును కొనిన తరువాత, దానిలోని లోపములను సవరించి, అవసరమైన భాగములను మార్చి, వాయించుటకు సుఖముగను వినుటకు ఇంపుగను ఉండునట్లు చేసికొనుట. ఇందులో రెండు వేర్వేరు పనులు కలిసి ఉన్నవి. మొదటిది ఉన్న భాగములనే కొలతకు తెచ్చుట. దీనిని వాద్యకారులు సెటప్ అందురు. రెండవది పికప్‌లు, బ్రిడ్జ్, బిరడాలు మొదలగువానిని తీసివేసి మేలైనవి అమర్చుట. సామాన్యముగా కొత్తవారు రెండవదానితో ప్రారంభింతురు గాని, చవక వాద్యములలో కనిపించు లోపములలో ఎక్కువ భాగము మొదటి పనితోనే తీరిపోవును.

బేస్ గిటారు సంగతి

బేస్ గిటారు నాలుగు తంత్రులు గల వాద్యము. తంత్రులను మంద్రము నుండి ఇ, ఎ, డి, జి స్వరములకు శ్రుతి చేయుదురు. వీని పౌనఃపున్యములు సుమారు 41.2, 55, 73.4, 98 హెర్ట్జులు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు చెందిన లియో ఫెండర్ 1951లో విడుదల చేసిన ప్రెసిషన్ బేస్ ఈ వాద్యమునకు స్థిరమైన రూపమును ఇచ్చినది. 1960లో అదే సంస్థ నుండి జాజ్ బేస్ వచ్చినది. నేడు ప్రపంచములో అమ్ముడగు చవక బేస్ గిటారులలో అధిక భాగము ఈ రెండింటిలో ఏదో ఒకదాని పోలికలోనే ఉండును. మెరుగుదల పని ఇంతగా వ్యాపించుటకు ఇదియే ముఖ్య కారణము. ఒక సంస్థ పికప్ మరియొక సంస్థ వాద్యములో కుదురును. దండిని నాలుగు మరమేకులు విప్పి ఊడదీయవచ్చును. విద్యుత్ భాగములన్నియు ఒక మూత క్రింద ఉండును. ఫెండర్ తన వాద్యములను మరమ్మతుకు అనుకూలముగా ఉండవలెనను ఉద్దేశముతోనే అట్లు రూపొందించెను.

వీణను ఎరిగిన పాఠకులకు ఈ వాద్యపు అంగములు కొత్త కావు. నెక్ అనబడునది దండి. ఫ్రెట్లు అనబడునవి మెట్లు. బ్రిడ్జ్ వీణ గుర్రము చేయు పనినే చేయును. తంత్రులను బిగించు మరలు బిరడాలు. అయితే ఒక ముఖ్యమైన భేదము కలదు. వీణ మెట్లను మైనములో నిలిపెదరు గనుక అవి కదలినపుడు తిరిగి మేళము కట్టవచ్చును. బేస్ గిటారు మెట్లు చెక్కలో కోసిన సన్నని గాళ్ళలోనికి కొట్టి బిగించినవి. వానిని కదలించుటకు వీలు లేదు. కావున వీణలో మెట్ల వద్ద చేయు సవరణను ఇందులో దండి వంపు వద్దను, బ్రిడ్జ్ వద్దను చేయవలసి వచ్చును.

ప్రామాణికమైన బేస్ గిటారులో తంత్రి మ్రోగు పొడవు 34 అంగుళములు, అనగా సుమారు 864 మి.మీ. పొట్టి రకములలో ఇది 30 అంగుళములు. నాలుగు తంత్రులు కలిసి దండిపై వేయు లాగుడు సుమారు 70 నుండి 80 కిలోల బరువునకు సమానము. ఇంత బలమునకు ఏ చెక్కయైనను కొంత వంగును. ఈ వంపును అదుపులో ఉంచుటకు దండి లోపల ట్రస్ రాడ్ అను ఉక్కు కడ్డీ ఉండును.

చరిత్ర

బేస్ గిటారు వాద్యకారులు తమ వాద్యములను మార్చుకొనుట ఆరంభము నుండి ఉన్నదే. రోలింగ్ స్టోన్స్ బృందములో 1962 చివర చేరిన బిల్ వైమన్, అంతకు పూర్వము 1961లో ఒక చవకైన పాత బేస్ గిటారును కొని, దాని పెద్ద శరీరమును రంపముతో కోసి చిన్నది చేసెను. అరిగిన మెట్లను పీకివేసి కొత్తవి వేయవలెనని ఆయన అభిప్రాయము. మెట్లు లేకుండగనే ధ్వని బాగున్నదని తోచుటచే అట్లే వదలివేసెను. ఆ బృందము యొక్క తొలి రికార్డులలో పలికినది ఈ వాద్యమే.

ది హూ బృందమునకు చెందిన జాన్ ఎంట్విజిల్ 1967లో పగిలిపోయిన అయిదు వాద్యముల భాగములను కలిపి ఒక బేస్ గిటారును కూర్చి, దానికి ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరు పెట్టెను. బిల్లీ షీహన్ తన ప్రెసిషన్ బేస్ లో దండికి దగ్గరగా గిబ్సన్ ఇ.బి.0 పికప్‌ను అదనముగా అమర్చుకొనెను. మార్కస్ మిల్లర్ యొక్క 1977 నాటి జాజ్ బేస్ లో న్యూయార్కు వాద్య నిర్మాత రోజర్ సాడోస్కీ ఒక ప్రీయాంప్లిఫయరును అమర్చెను. ఆ ధ్వని తరువాతి తరమునకు ఆదర్శమైనది. 1970లలో డిమార్జియో, 1976లో సేమూర్ డంకన్ వంటి సంస్థలు విడి పికప్‌లను అమ్ముటకు పూనుకొనగా, ఇది వృత్తి కళాకారుల నుండి సామాన్యులకు కూడా అందుబాటులోనికి వచ్చినది.

చవక వాద్యముల చరిత్ర వేరు. ఫెండర్ సంస్థ 1965లో కొనిన తంత్రుల సంస్థ స్క్వయర్. ఆ పేరును ఫెండర్ 1982 నుండి జపానులో తయారగు తక్కువ ధర గిటారులకు వాడసాగినది. తరువాత ఉత్పత్తి కొరియా, చైనా, ఇండోనేషియా దేశములకు మారినది. 1980ల చివర స్క్వయర్ II శ్రేణిలోని కొన్ని గిటారులు భారతదేశములో కూడా తయారైనవి. కంప్యూటరుతో నడచు కోత యంత్రములు వచ్చిన పిదప చవక వాద్యములలో సైతము చెక్కపని నిక్కచ్చిగా ఉండుట మొదలైనది. ఖర్చు తగ్గించునది ఇప్పుడు చెక్క కోతలో కాదు; చేతితో చేయవలసిన తుది మెరుగులోను, కంటికి కనబడని విద్యుత్ భాగములలోను.

లోపములు ఎచ్చట ఉండును

మెట్ల కొసలను నునుపు చేయుట, నట్ లోని గాళ్ళను సరియైన లోతునకు కోయుట, మెట్లన్నియు ఒకే ఎత్తులో ఉన్నవో లేవో చూచుట సమయము పట్టు పనులు. చవక వాద్యములో తగ్గునది ఈ సమయమే. దీని ఫలితము అభ్యాసకుని వ్రేళ్ళపై పడును. నట్ గాళ్ళు ఎత్తుగా ఉన్నచో మొదటి మెట్ల వద్ద తంత్రిని నొక్కుటకు రెట్టింపు బలము కావలెను, నొక్కినపుడు శ్రుతి హెచ్చును. నేర్చుకొనువాడు తన వ్రేళ్ళలో బలము లేదనియు, తన చెవి మంచిది కాదనియు భావించి వాద్యమును మూలన పెట్టుట కద్దు. కొంతమంది పట్టుదలతో అదే స్థితిలో సాధన చేసి మణికట్టు నొప్పులు తెచ్చుకొందురు. పావు మిల్లీమీటరు లోతు తక్కువైన ఒక గాడి వలన ఒకని సంగీతాభ్యాసము ఆగిపోవుట విచారకరము.

సవరణ

సవరణలో క్రమము ముఖ్యము. కొత్త తంత్రులు వేసి శ్రుతి చేయవలెను. తరువాత దండి వంపు, పిమ్మట తంత్రుల ఎత్తు, ఆ పిమ్మట స్వరస్థాన శుద్ధి, చివరకు పికప్ ఎత్తు. ఒక్కొక్కటి దాని ముందుదానిపై ఆధారపడి ఉన్నది గనుక క్రమము తప్పినచో చేసిన పనినే మరల చేయవలసి వచ్చును. తంత్రుల మందము మార్చినచో లాగుడు మారును గనుక మొత్తము మొదటి నుండి చూడవలెను.

దండి పూర్తిగా తిన్నగా ఉండకూడదు. మ్రోగుచున్న తంత్రి నడుమ భాగములో ఎక్కువగా ఊగును. ఆ ఊగుటకు చోటు ఇచ్చునట్లు దండి కొద్దిగా లోపలికి వంగి ఉండవలెను. దీనిని కొలుచుటకు ఇ తంత్రిని మొదటి మెట్టు వద్దను, దండి శరీరమును కలియు చోటి మెట్టు వద్దను ఏకకాలమున నొక్కి, ఏడవ లేక ఎనిమిదవ మెట్టునకు తంత్రికి మధ్య గల సందును ఫీలర్ గేజ్ తో చూతురు. ఫెండర్ వారి సూచన ప్రకారము వ్రేళ్ళపలక వంపు వ్యాసార్ధము 9.5 నుండి 12 అంగుళములు ఉన్న వాద్యములకు ఈ సందు సుమారు 0.3 మి.మీ. ఉండవలెను. ఫీలర్ గేజ్ మోటారు సైకిలు మెకానిక్కులు వాడు పనిముట్టే. హార్డ్‌వేర్ దుకాణములలో దొరకును.

సందు ఎక్కువగా ఉన్నచో ట్రస్ రాడ్ నట్టును గడియారపు ముల్లు తిరుగు దిశలో బిగించవలెను. తక్కువగా ఉన్నచో వదులు చేయవలెను. ఒక్కసారికి పావు చుట్టు కంటె తిప్పరాదు. తిప్పిన తరువాత మరల శ్రుతి చేసి కొలువవలెను. కొన్ని దండులు మరునాటికి గాని పూర్తిగా కుదురుకొనవు. నట్టు బిగుసుకొని ఉన్నచో బలము ప్రయోగించుట కంటె తంత్రులను వదులు చేసి ప్రయత్నించుట మేలు. కొలతకు సరిపడని ఆలెన్ కీని వాడుట వలన నట్టు అంచులు అరిగిపోవును. కడ్డీ తెగినచో వ్రేళ్ళపలకను ఊడదీయక తప్పదు, ఆ మరమ్మతుకు అగు ఖర్చు చవక బేస్ గిటారు వెలను మించిపోవును. మొత్తము సవరణలో నిజముగా భయపడవలసిన పని ఇదొక్కటే. తక్కినవన్నియు తప్పు జరిగినను వెనుకకు తిప్పుకొనదగినవి.

తంత్రుల ఎత్తును 17వ మెట్టు వద్ద కొలుతురు. పైన చెప్పిన వంపు గల వాద్యములకు ఇ తంత్రి క్రింద సుమారు 2.4 మి.మీ., జి తంత్రి క్రింద 2 మి.మీ. ఫెండర్ సూచించిన కొలత. గట్టిగా మీటువారు దీనికంటె ఎత్తుగను, మృదువుగా వాయించువారు తక్కువగను పెట్టుకొందురు. ఎత్తు తగ్గించగనే తంత్రులు మెట్లకు తగిలి గరగర శబ్దము వచ్చుట సహజము. ఆ శబ్దము వచ్చు చోటును బట్టి కారణమును ఊహింపవచ్చును. మొదటి నాలుగైదు మెట్లలోనే వచ్చినచో దండిలో వంపు చాలలేదు. పై మెట్లలో వచ్చినచో బ్రిడ్జ్ వద్ద తంత్రి మరీ క్రిందికి దిగినది. ఒకే ఒక చోట వచ్చి, దాని ఇరుప్రక్కల రాకున్నచో అచ్చట ఏదో మెట్టు ఎత్తుగా లేచి ఉన్నది. తిన్నని అంచు గల చిన్న ఉక్కు బద్దను మూడు మెట్లపై ఆనించి ఊపి చూచినచో ఎత్తైన మెట్టు బయటపడును. అది గాడి నుండి కొంచెము పైకి వచ్చినదైనచో ప్లాస్టిక్ తల గల సుత్తితో మెల్లగా కొట్టి దించవచ్చును. అట్లు దిగనిచో ఆకురాయితో అరుగదీసి, పైభాగమును మరల గుండ్రము చేయవలెను. అనుభవము లేనివారు ఈ పనిని నేర్పరులకు అప్పగించుట మంచిది.

వేసవిలో వ్రేళ్ళపలక చెక్క ఎండి కుంచించుకొనును. లోహపు మెట్లు కుంచించుకొనవు గనుక వాని కొసలు దండి అంచు దాటి బయటకు వచ్చి చేతికి గీచుకొనును. సన్నని ఆకురాయితో వానిని ఏటవాలుగా అరుగదీసిన చాలును. సముద్రతీరపు తేమలో పెరిగిన వాద్యమును హైదరాబాదు వంటి పొడి ప్రదేశమునకు గాని, రాత్రింబవళ్ళు ఏ.సి. నడచు గదికి గాని మార్చినపుడు ఈ మార్పు త్వరగా కనిపించును. దండి వంపు కూడా ఋతువును బట్టి మారును. ఏడాదికి రెండుసార్లు కొలిచి చూచుకొనుట వృత్తి కళాకారులకు అలవాటు.

స్వరస్థాన శుద్ధికి ప్రతి తంత్రిని 12వ మెట్టు వద్ద నొక్కి మీటినపుడు వచ్చు స్వరమును, అదే చోట తంత్రిని తాకీ తాకనట్లు తాకి మీటినపుడు వచ్చు అనుస్వరముతో పోల్చవలెను. నొక్కిన స్వరము హెచ్చుగా ఉన్నచో బ్రిడ్జ్ పై గల శాడిల్ అను చిన్న ముక్కను వెనుకకు జరిపి తంత్రి పొడవును పెంచవలెను. తగ్గుగా ఉన్నచో ముందుకు జరుపవలెను. పాత తంత్రులతో ఈ పని ఎన్నటికిని కుదరదు.

తంత్రులు

అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మార్పు తెచ్చునవి తంత్రులు. గుండ్రని తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ తంత్రులు స్పష్టముగను, కంచు మ్రోగినట్లును పలుకును. చదునైన రేకు చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తంత్రులు మెత్తగా, తబలా డగ్గా వలె బరువుగా పలుకును. వ్రేళ్ళు జారినపుడు కీచుమను శబ్దము రాదు. నైలాను పట్టీ చుట్టినవి మరియొక రకము. మోటౌన్ సంస్థ రికార్డులలో వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ప్రెసిషన్ బేస్ పై మందమైన ఫ్లాట్‌వౌండ్ తంత్రులను వేసి, తెగిన గాని మార్చెడివాడు కాడు. బ్రిడ్జ్ మూత క్రింద స్పాంజి ముక్క ఉండుటచే స్వరము త్వరగా అణగిపోయెడిది. ఆ ధ్వనిని కోరువారు పికప్‌లు మార్చుటకు పూర్వము ఒక జత ఫ్లాట్‌వౌండ్ తంత్రులను, రూపాయి ఖర్చు లేని స్పాంజి ముక్కను ప్రయత్నించుట వివేకము.

సామాన్యముగా వాడు తంత్రుల మందము జి తంత్రికి 0.045 అంగుళము, ఇ తంత్రికి 0.105 అంగుళము. అయిదు తంత్రుల జతలోని క్రింది నాలుగు తంత్రులను వేసి, నాలుగు తంత్రుల వాద్యమునే మంద్ర బి వరకు దింపువారు కూడా కలరు. ఆ స్వరపు పౌనఃపున్యము సుమారు 31 హెర్ట్జులు. ఇందుకు నట్ గాళ్ళను వెడల్పు చేయవలెను, చేసిన తరువాత పాత తంత్రులు ఆ గాళ్ళలో వదులుగా కదలును.

విద్యుత్ భాగములు

పికప్ అనగా అయస్కాంతముల చుట్టు వెంట్రుక వంటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన తీగచుట్ట. ఉక్కు తంత్రి కదలినపుడు అయస్కాంత క్షేత్రము మారి, తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ప్రెసిషన్ బేస్ కు 1957 నుండి రెండు ముక్కలుగా విడివడిన పికప్ ఉన్నది. ఆ రెండు ముక్కలలో తీగను వ్యతిరేక దిశలలోను, అయస్కాంతములను వ్యతిరేక ధ్రువములతోను అమర్చుట వలన బయటి నుండి వచ్చు హమ్ శబ్దము రద్దగును. జాజ్ బేస్ లో రెండు పికప్‌లు ఉన్నవి. రెండింటి వాల్యూములు సమానముగా ఉన్నపుడు హమ్ రద్దగును, ఒకదానిని తగ్గించిన వెంటనే తిరిగి వచ్చును. ఇది లోపము కాదు, ఆ నిర్మాణపు స్వభావము.

చవక పికప్‌లలో తరచుగా సిరామిక్ అయస్కాంతములు, ఖరీదైనవానిలో అల్నికో అయస్కాంతములు ఉండును. అల్నికో అనునది అల్యూమినియము, నికెలు, కోబాల్టు కలిసిన ఇనుప మిశ్రమము. సిరామిక్ అనగానే తక్కువరకమని తలచుట సరికాదు. ధ్వనిని నిర్ణయించుటలో తీగ చుట్ల సంఖ్యకును, పికప్ ఉన్న స్థానమునకును, ఎత్తునకును ఎక్కువ పాత్ర కలదు. కావున కొత్త పికప్ కొనక మునుపు ఉన్నదాని ఎత్తును మార్చి చూడవలెను. తంత్రికి దగ్గర చేసినచో ధ్వని పెద్దదగును. మరీ దగ్గరైనచో అయస్కాంతపు ఆకర్షణ తంత్రి కదలికను అడ్డగించి శ్రుతిని చలింపజేయును. చివరి మెట్టు వద్ద నొక్కి చూచినపుడు సుమారు 2 నుండి 3 మి.మీ. ఎడము నుండి ఆరంభించుట మంచిది.

పికప్ మార్చదలచినవారు కొలతలు చూచుకొనవలెను. జాజ్ బేస్ లో బ్రిడ్జ్ వైపు పికప్ రెండవదానికంటె కొద్దిగా పొడవు. చవక వాద్యములు కొన్నింటిలో రెండును ఒకే పొడవు ఉండును గనుక, కొని తెచ్చిన పికప్ గూటిలో పట్టక చెక్కను చెక్కవలసి వచ్చును. అట్లే చవక వాద్యములలో వాడు చిన్న పొటెన్షియోమీటరులకు కోసిన రంధ్రములు పెద్దవానికి చాలవు. గుండీల లోపలి వ్యాసములో కూడా 6 మి.మీ., పావు అంగుళము అను రెండు కొలతలు ఉన్నవి.

పొటెన్షియోమీటరు, కెపాసిటరు, జాక్ అను మూడు చిన్న వస్తువులు ప్రెసిషన్ బేస్ యొక్క మొత్తము విద్యుత్ వలయము. పొటెన్షియోమీటరులు 250 కిలో ఓములవి, కెపాసిటరు సామాన్యముగా 0.047 మైక్రోఫారడులది. 500 కిలో ఓములవి వేసినచో ధ్వనిలో పదును పెరుగును. కెపాసిటరు విలువ పెంచినచో టోన్ గుండీ తిప్పినపుడు ధ్వని మరింత మందముగా మూసికొనిపోవును. టోన్ గుండీని పూర్తిగా తెరచి వాయించువారికి కెపాసిటరు మార్పు వలన వినదగిన ప్రయోజనము ఉండదు. నూనె కాగితపు పాత కెపాసిటరులకు పెద్ద వెలలు పెట్టువారు కలరు గాని, ఒకే విలువ గల రెండు కెపాసిటరుల మధ్య భేదము చెవికి తెలియుట అరుదు.

గుండీ తిప్పునపుడు కరకర శబ్దము వచ్చినచో కాంటాక్ట్ క్లీనరు చుక్కలు వేసి పది పదిహేను సార్లు తిప్పిన చాలును. త్రాడు కదలినపుడు ధ్వని తెగిపోవుట జాక్ లోపము. ఇది చవక వాద్యములలో మొట్టమొదట చెడిపోవు భాగము. దృఢమైన జాక్ వెల స్వల్పము, కచ్చేరీ మధ్యలో ధ్వని ఆగిపోవు అవస్థను అది తప్పించును. అన్ని మార్పులలోకి దీనికే మొదటి స్థానము ఇవ్వవచ్చును.

షీల్డింగ్ అనగా విద్యుత్ భాగములు ఉండు గూడు లోపల రాగి రేకు అంటించుట గాని, విద్యుద్వాహక రంగు పూయుట గాని చేసి దానిని ఎర్త్ తీగకు కలుపుట. ఇందువలన ట్యూబులైటులు, డిమ్మరులు పుట్టించు చిటచిట శబ్దము చాలవరకు పోవును. ట్రాన్స్‌ఫార్మరుల నుండి వచ్చు 50 హెర్ట్జుల అయస్కాంతపు హమ్ మాత్రము రాగి రేకుతో ఆగదు. అందుకు హమ్‌ను రద్దు చేయు పికప్‌లే కావలెను. ఈ భేదము తెలియక షీల్డింగ్ చేసి నిరాశ చెందినవారు అనేకులు. ముందుగా బ్రిడ్జ్ క్రిందికి పోవు ఎర్త్ తీగ తెగియున్నదేమో చూడవలెను. తంత్రులను చేతితో తాకగానే శబ్దము తగ్గినచో ఆ తీగ సరిగానే ఉన్నదని గ్రహింపవచ్చును.

జాజ్ బేస్ యజమానులు ఇష్టపడు మార్పు సిరీస్ స్విచ్. సామాన్యముగా సమాంతరముగా ఉన్న రెండు పికప్‌లను ఒక స్విచ్‌తో శ్రేణిలో కలుపుదురు. ధ్వని పెద్దదై, మధ్యస్థాయి స్వరములు నిండుగా వచ్చును. లాగి నొక్కెడు పొటెన్షియోమీటరు వాడినచో వాద్యముపై కొత్త రంధ్రము చేయనక్కరలేదు.

బ్యాటరీతో నడచు ప్రీయాంప్లిఫయరు గలవానిని ఆక్టివ్ వాద్యములందురు. లియో ఫెండర్ మ్యూజిక్ మాన్ సంస్థలో ఉండగా 1976లో వచ్చిన స్టింగ్‌రే ద్వారా ఈ పద్ధతి ప్రసిద్ధమైనది. 9 వోల్టుల బ్యాటరీకి గూడు కావలెను గనుక చవక వాద్యములో అమర్చుట కష్టము. జాక్‌లో త్రాడు పెట్టగనే బ్యాటరీ పనిచేయుట ఆరంభమగును. త్రాడును తీయక వదలినచో వాయించకున్నను బ్యాటరీ ఖర్చగుచునే ఉండును. ఐబనెజ్ జి.ఎస్.ఆర్.200 వంటి చవక రకములలో మంద్రధ్వనిని పెంచు చిన్న వలయము మొదటి నుండియే కలదు.

ఇతర భాగములు

బరువైన బ్రిడ్జ్ వలన స్వరము ఎక్కువసేపు నిలుచునని చెప్పుదురు. తేడా ఉన్నను స్వల్పము. వంచిన రేకుతో చేసిన మామూలు బ్రిడ్జ్ జేమర్సన్ కాలము నుండి రికార్డులలో పనిచేయుచునే ఉన్నది. శాడిల్ మరలు తుప్పుపట్టి కదలకపోయిన గాని, మ్రోగునపుడు వానంతట అవి క్రిందికి దిగుచున్న గాని మార్చుట సమంజసము. తేలికైన బిరడాలు మాత్రము నిజమైన ఉపకారము చేయును. దండి బరువుగా ఉన్న వాద్యములలో తల క్రిందికి వ్రాలి ఎడమ చేతిపై భారము పడుచుండును. బిరడాల బరువు తగ్గించిన ఆ బాధ తీరును. నట్ ను ఎముకతోను, గ్రాఫైటుతోను, ఇత్తడితోను చేయుదురు. ఏ పదార్థముతో చేసినను గాళ్ళ లోతు సరిగా ఉండుటయే ప్రధానము. తంత్రిని మూడవ మెట్టు వద్ద నొక్కినపుడు మొదటి మెట్టు పైన కాగితము పట్టునంత సందు మాత్రమే మిగులవలెను.

ఉదాహరణ: బ్రాంకో బేస్

స్క్వయర్ సంస్థ యొక్క బ్రాంకో బేస్ మెరుగుదలకు చక్కని ఉదాహరణ. ఇది 30 అంగుళముల పొట్టి వాద్యము; చిన్నచేతుల వారికి, ఆరు తంత్రుల గిటారు నుండి వచ్చువారికి అనుకూలము. ఇందులో ఖర్చు తగ్గించుటకు ఆరు తంత్రుల స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌ను వాడిరి. ప్లాస్టిక్ మూత క్రింద ఆరు అయస్కాంతములు ఉండగా పైన నాలుగు తంత్రులే ఉన్నవి. చాలాకాలము వచ్చిన నమూనాలలో బ్రిడ్జ్ కు రెండే శాడిల్‌లు ఉండెడివి. ఒక్కొక్కదానిపై రెండేసి తంత్రులు ఆనుటచే ఒక తంత్రికి స్వరస్థానము సరిచేసినచో రెండవది చెడును. 1951 నాటి తొలి ప్రెసిషన్ బేస్ లోను ఇట్టి రెండు శాడిల్‌ల బ్రిడ్జే ఉండెడిది.

ఈ వాద్యమును కొనినవారు మొదట నాలుగు శాడిల్‌ల బ్రిడ్జ్ వేయుదురు. పికప్ విషయములో రెండు మార్గములు కలవు. గూడు స్ట్రాటోకాస్టర్ పరిమాణమున ఉన్నది గనుక, రెండు పొడవైన లోహపు పట్టీలు గల గిటారు హమ్‌బకరును ఏ కోతయు లేకుండ దించవచ్చును. పట్టీ పొడవునా ఉండుటచే తంత్రి ఎచ్చటనున్నను గ్రహించును, హమ్ కూడా రద్దగును. రెండవ మార్గము చెక్కను తొలిచి నిజమైన బేస్ పికప్ అమర్చుట. మొదటిది చేసినవారు కోరినపుడు పూర్వస్థితికి రాగలరు. తంత్రులు కొనునపుడు పొట్టి వాద్యములకు ప్రత్యేకించినవే కొనవలెను. లేనిచో పొడవైన తంత్రి యొక్క మందమైన భాగము బిరడాకు చుట్టుకొనవలసి వచ్చి, పైచుట్టు సడలి ధ్వని చెడును.

మెట్లు తీసివేయుట

మెట్లు లేని బేస్ గిటారును ప్రసిద్ధము చేసినవాడు జాకో పాస్టోరియస్. ఆయన 1962 నాటి జాజ్ బేస్ నుండి మెట్లు తొలగించి, గాళ్ళను పూడ్చి, రౌండ్‌వౌండ్ తంత్రులు చెక్కను కోయకుండ పడవలకు పూయు ఎపాక్సీని వ్రేళ్ళపలకపై పూసెను. మెట్లు తానే తీసితినని ఒకసారి, తీసియున్నదానినే కొంటినని మరియొకసారి ఆయన చెప్పినట్లు తెలియుచున్నది. 1986లో దొంగిలింపబడిన ఆ వాద్యము రెండు దశాబ్దముల తరువాత బయటపడినది.

గమకములకు ఈ వాద్యము అనుకూలించునది. చిత్రవీణ వలె స్వరము నుండి స్వరమునకు జారవచ్చును గాని, ఇందులో కొయ్యకు బదులు వ్రేలితోనే నొక్కుట జరుగును. మెట్లు పీకుటకు ముందు సోల్డరింగ్ ఇనుముతో ప్రతి మెట్టును కొంచెము వేడిచేసినచో జిగురు మెత్తబడి చెక్క పెచ్చులు ఊడదు. గాళ్ళను సన్నని చెక్క పొరలతో పూడ్చి, అంటు ఆరిన తరువాత నునుపు చేయవలెను. పూడ్చకుండ వదలినచో తంత్రుల బిగువునకు దండి అధికముగా వంగును. మెట్ల ఎత్తు పోవుటచే తంత్రులను బ్రిడ్జ్ వద్దను, నట్ వద్దను దించవలసి ఉండును. ఈ మార్పునకు తిరుగు లేదు గనుక, ఉన్న ఒకే ఒక వాద్యముపై చేయదగినది కాదు.

ఖర్చు

మార్చిన భాగముల వెల వాద్యమును తిరిగి అమ్మునపుడు రాదు. కొనువాడు చవక వాద్యమునకు చవక ధరనే ఇచ్చును. కావున తీసిన పాత భాగములను ఒక సంచిలో భద్రపరచి, అమ్మదలచినపుడు వానినే తిరిగి బిగించి, మేలైన భాగములను వేరుగా ఉంచుకొనుట లోకరీతి. భాగముల మొత్తము ఖర్చు వాద్యపు వెలలో సగము దాటునని తోచినపుడు, పాతదైన మంచి వాద్యము దొరకునేమో విచారించుట మేలు. అయితే లాభనష్టముల లెక్క ఒక్కటే ఇందులో ప్రమాణము కాదు. టంకము పెట్టుట, కొలత తీయుట నేర్చుకొనదలచినవానికి చవక వాద్యమును మించిన పాఠ్యవస్తువు లేదు. పాత ఫెండర్, గిబ్సన్ వాద్యముల సంగతి వేరు. 1960ల నాటి వాద్యముపై ఒక కొత్త రంధ్రము చేసిన, పాత రంగు గీకిన దాని వెల గణనీయముగా పడిపోవును.

జాగ్రత్తలు

టంకములో సీసము ఉండును గనుక పని ముగిసిన తరువాత చేతులు కడుగుకొనవలెను, పొగ పీల్చరాదు. 30 నుండి 40 వాట్ల సోల్డరింగ్ ఇనుము సరిపోవును. పొటెన్షియోమీటరు వీపుపై ఎక్కువసేపు ఆనించినచో లోపలి పట్టీ మాడిపోవును. ఆకురాయి పని చేయునపుడు పికప్‌లను కాగితపు పట్టీతో కప్పవలెను. లేనిచో లోహపు పొడి అయస్కాంతములకు అంటుకొని మరల వదలదు.

ఎలక్ట్రిక్ బేస్ గిటారులోని తంత్రులు ఎర్త్ తీగ ద్వారా యాంప్లిఫయరు లోహపు పెట్టెకు కలిసియుండును. యాంప్లిఫయరుకు గాని, మైకు పరికరములకు గాని ఎర్త్ సరిగా లేనిచో ఒక చేయి తంత్రులపైనను, మరియొక చేయి లేక పెదవులు మైకుపైనను ఉన్నపుడు వాద్యకారుని శరీరము గుండా విద్యుత్తు ప్రవహించును. స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వే 1972 మే 3న వేల్స్ లోని స్వాన్సీలో ఈ విధముగనే వేదికపై మరణించెను. హమ్ శబ్దము పోవుటకై మూడు కాళ్ళ ప్లగ్గులోని ఎర్త్ కాలును తీసివేయు అలవాటు కొన్ని బృందములలో కలదు, అది ప్రాణాపాయము. కొత్త వేదిక ఎక్కినపుడు మైకును ముట్టుకొనక ముందు టెస్టరును దాని లోహపు జల్లెడకు ఆనించి చూడవలెను. దీపము వెలిగినచో ప్లగ్గు తీయించి, ఎర్త్ తీగ సరిచేయించు వరకు వాద్యమును యాంప్లిఫయరుకు కలుపరాదు.